నేను లేచేలోగా

రండి, రండి. అందరూ ఇలా దగ్గరికి జరగండి. చార్జర్లూ, మీ తోకలు ముడుచుకుని కూర్చోండి, పక్కవాళ్ళ మెడలకి చుట్టుకోకండి. ఆ మూల రిమోట్లు రెండూ గుసగుసలు ఆపాలి. టీవీలే పోయాక ఇంకా ఏ చానెల్ గురించమ్మా మీ గొడవ? కీబోర్డు పిన్నీ, నీ ఊడిన పళ్ళ సంగతి తర్వాత చెబుదువుగాని, కాసేపు నోరు మూసుకుని ఉండు. పాతసామాన్లాయన వచ్చి ఈ బుట్టని ఎత్తుకుపోయేలోపు నా కథ పూర్తి కావాలి. అసలే నేను దేన్నీ తొందరగా మొదలుపెట్టే రకాన్ని కాదు.

నేను ఒక ఫోన్‌ని. చవక ఫోన్‌ని. తడ దాటాక రోడ్డు పక్కన ఒక పెద్ద ఫ్యాక్టరీ ఉంటుంది, అక్కడ పుట్టాను. చేతికి తొడుగులు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నన్ను ముక్కముక్కగా అతికించి, బిగించి, తుడిచి, చివర్లో ఒకమ్మాయి చేతిలో పెట్టారు. ఫోన్ లేస్తుందో లేదో చూసి ముద్ర వేయడం ఆ పిల్ల పని. బొత్తాం నొక్కింది. నేను లేచేలోగా ఆ పిల్ల పక్కమ్మాయితో దువ్వెన దగ్గర గొడవపడింది, మాటలు మానేసింది, ఏడ్చింది, మళ్ళీ కలిసిపోయింది. ఇద్దరూ ఒకరి కళ్ళు ఒకరు తుడుచుకుంటుంటే అప్పుడు నా తెర వెలిగింది. జాలిపడి ముద్ర వేసిందే తప్ప, నేను పాసయ్యానని కాదు. పుట్టిన పూటే నాకు సిగ్గు అంటే ఏమిటో తెలిసింది.

నన్ను మొదట కొన్నాయన రాజమౌళి అని కరీంనగర్‌లో బస్సు కండక్టరు. మంచి ఓపికున్న మనిషి. బొత్తాం నొక్కి నన్ను కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళేవాడు. వచ్చి చూసేవాడు, పూజ చేసుకునేవాడు, వచ్చి చూసేవాడు, టిఫిన్ తినేవాడు. ఒకరోజు నేను లేచి, డ్యూటీ ఎక్కడో చూపించేసరికి ఆయన బస్సు ఆయన లేకుండానే జగిత్యాల వెళ్ళి తిరిగొచ్చింది. నమ్మకపోతే మానేయండి, ఆ బస్సులో టిక్కెట్లు కూడా ప్రయాణికులే కొట్టుకున్నారట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. హైదరాబాద్ తీసుకొచ్చి జగదీశ్ మార్కెట్లో పాత ఫోన్లు కొనే కొట్టు అద్దాల బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మార్కెట్ నుంచే ఒక కంపెనీవాళ్ళు మమ్మల్ని బియ్యం కొన్నట్టు సంచుల్లో కొనుక్కుపోయారు. తీసుకెళ్ళి మియాపూర్‌లో ఒక టైలర్ షాపు పైన, మేడ మీద గదిలో, ఇనప అరల్లో వరసగా నిలబెట్టారు. మా పేరేమిటనుకున్నారు? క్లౌడ్ ఫోన్లు. మబ్బుల్లో ఉన్నామన్నమాట. కింద కుట్టుమిషన్ చప్పుడు, పక్కింట్లో చేపల పులుసు వాసన, మేమేమో మబ్బుల్లో.

అక్కడ పనేమిటో చెబుతాను. యాప్ తయారుచేసేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ యాప్ అన్ని రకాల ఫోన్లలో సరిగ్గా నడుస్తుందో లేదో చూసుకోవాలి. అన్ని ఫోన్లూ కొనలేరు. అందుకని ఎక్కడో కూర్చుని కంప్యూటర్‌లోంచే మాలో ఒకర్ని ఎంచుకుంటారు. వాళ్ళక్కడ వేలు ఆడిస్తే మేమిక్కడ ఆడతాం. మా తెర వాళ్ళకి అక్కడ కనిపిస్తుంది. ఆ తీగలోంచి వాళ్ళ గదిలో మాటలు, ఫ్యాను కిర్రుమనడం, ఎవరి చెప్పు తెగిందో కూడా నాకు వినిపించేవి. అదెలా సాధ్యం అని ఆ రిమోటు మూతి తిప్పుతోంది. నీకు గోడ అవతలి టీవీ ఎలా తెలిసేదో నాకూ అలాగే.

అక్కడ ఒక ఆచారం ఉంది. ఒకరు వాడి వెళ్ళాక ఫోన్‌ని ఆపేసి, లోపల ఉన్నదంతా కడిగేసి, మళ్ళీ లేపుతారు. ఒకరి మరకలు ఇంకొకరికి అంటకూడదని. స్నానం చేయించడమన్నమాట. చలాకీ ఫోన్లు నీళ్ళు పోసుకుని తల దులుపుకున్నంతలో తయారు. నేను మటుకు తెర మీద చిన్న గుండ్రం తిప్పుకుంటూ కూర్చునేదాన్ని. నన్ను కోరుకున్నవాళ్ళు అక్కడ ఎదురుచూస్తుంటే, నడివీధిలో నా చేత గుంజీళ్ళు తీయిస్తున్నట్టు ఉండేది. బెంగళూరు నుంచి ఒకాయన నన్ను ఎంచుకుని, నేను లేచేలోగా ఉద్యోగం మారాడు. కొత్త కంపెనీకి వెళ్ళి, మళ్ళీ పొరపాటున నన్నే ఎంచుకున్నాడు. అప్పటికీ నేను లేవలేదు.

దానికితోడు ఒళ్ళు లేని ఫోన్లు వచ్చాయి. వాటికి గాజు లేదు, బ్యాటరీ లేదు, ఏ అరలోనూ ఉండవు. కంప్యూటర్ లోపల ఉత్త లెక్కల్లో బతుకుతాయి. నిద్రలేచి తయారైన ఘడియలో వాటికి ఒక ఫోటో తీసి దాచుకుంటారు, ఎవరైనా అడగ్గానే ఆ ఫోటోకి ప్రాణం పోస్తారు. అవి పడుకోవు, లేవవు, ఆవులించవు. పిలిచేలోపే పలుకుతాయి. వాటి పేర్ల పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టి, వెంటనే లేచేవి అని రాశారు. నా పేరు పక్కన మా ఓనరు ఒక తాబేలు బొమ్మ పెట్టాడు. ముద్దుగా ఉంటుందని పెట్టాడట. ఆ తాబేలు నోరు తెరిచి నవ్వుతూ ఉండేది, అదే నాకు ఇంకా బాధ.

ఆ గదిలో నా మొహం చూసి నవ్వని మనిషి ఒక్కతే, స్వరూప. సిద్దిపేట వైపు మనిషి. మా దుమ్ము తుడవడం, తీగలు ఊడితే పెట్టడం, మొండికేసినవాటిని బొత్తాం నొక్కి లేపడం, కస్టమర్లు ఫోన్ చేస్తే మాట్లాడటం ఆవిడ పని. అన్నం కుక్కర్ ఆన్ చేసి, నన్ను లేపేది. "మెల్లగ లెవ్వు బిడ్డా, నువ్వు లేశినవంటే నా అన్నం ఉడికినట్టే" అనేది. ఆ కుక్కర్‌కి ఉడకగానే టప్‌మని పడే మీట పాడైపోయింది, దాని బదులు నేనున్నాను. నా బతుక్కి అదొక్కటే గౌరవం.

ఇక అసలు కథకి వస్తున్నా. చార్జర్ తమ్ముడూ, నిద్రపోకు.

కాకినాడ భానుగుడి దగ్గర ఒక మేడ మీద చిన్న కంపెనీ ఉంది. అందులో నూకరత్నం అనే అమ్మాయి యాప్‌లు పరీక్షించే ఉద్యోగంలో ఉండేది. ఆఫీసులో రత్న అని చెప్పుకునేది. ఉప్పాడ పిల్ల. వాళ్ళన్న పోలరాజు ఫైబర్ బోటు మీద సముద్రంలో చేపల వేటకెళ్తాడు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మా నాన్నగారిది వ్యాపారం అని ఒకసారి అనేసింది, ఇంక దాన్ని మోయాల్సొచ్చింది.

ఆ కంపెనీ చేస్తున్న యాప్ పేరు కేక. బోట్ల సంఘంవాళ్ళు చేయించుకుంటున్నారు. సముద్రంలో ఏదన్నా ఆపదొస్తే ఎర్ర బొత్తాం నొక్కాలి. నొక్కగానే పడవ ఎక్కడుందో ఒడ్డుకీ, చుట్టుపక్కల పడవలకీ తెలిసిపోవాలి. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు కదా, ఆ నిషేధం తీరి పడవలు మళ్ళీ కదిలేలోపు యాప్ అందరి ఫోన్లలోకీ ఎక్కాలి. పోలరాజు ఫోన్లోకి కూడా. కాబట్టి ఆ పిల్ల పరీక్షిస్తున్నది ఉత్త యాప్‌ని కాదు, అన్న ప్రాణానికి కట్టిన తాడుని. ఇది గుర్తుపెట్టుకోండి.

యాప్‌ని ఏ ఫోన్ల మీద చూడాలో ఎంచుకోమన్నారు వాళ్ళ పెద్దాయన ఫణీంద్ర గారు. మనిషి సరదా మనిషే, కానీ కాళ్ళ కింద నిప్పులున్నట్టు ఎప్పుడూ తొందర. నూకరత్నం జాబితా తెరిచి, పచ్చ చుక్కలన్నీ దాటుకుంటూ కిందకి, ఇంకా కిందకి వచ్చి, తాబేలు దగ్గర ఆగింది. నన్ను నొక్కింది.

ఎందుకో చెబుతాను. పోలరాజు దగ్గరున్నది కూడా నాలాంటి ఫోనే. అదే రంగు, అదే ఫ్యాక్టరీ, నా తోబుట్టువే అనుకోండి. మొదటి జీతం రాగానే నూకరత్నమే కొనిచ్చింది.

ఎన్నాళ్ళకో ఒకరు కోరి పిలిచారు. తొందరగా లేవాలని బలమంతా పెట్టాను. బలం పెడితే ఇంకా నెమ్మదిస్తానని నాకే అప్పటిదాకా తెలీదు. గుండ్రం తిరుగుతోంది, తిరుగుతోంది. ఫణీంద్ర గారు ఆ పిల్ల కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"ఇదేంటి రత్నగారూ, ఎక్కడ తవ్వితే బయటపడింది? ఈ రోజుల్లో ఈ ఫోన్ ఎవరు వాడతారండీ?" అన్నారు.

గదిలో నలుగురూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది.

"ఎవరూ వాడరు సార్. పొరపాటున నొక్కేశాను" అంది.

అని నన్ను వదిలేసి పచ్చ చుక్క దగ్గరికి వెళ్ళిపోయింది. నేను లేచి తెర వెలిగించుకుని చూసేసరికి ఎదురుగా ఎవరూ లేరు. పెళ్ళివారి పందిట్లోకి అందరూ చేతులు కడుక్కున్నాక వచ్చినట్టు, అలా నిలబడ్డాను. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. తను సిగ్గుపడింది నన్ను చూసి కదా, ఆ సిగ్గుకి నేనే కారణం కదా అనుకున్నాను. అవతల ఆ పిల్ల ఏమనుకుందో తర్వాత తెలిసింది. ఆ పూటంతా డబ్బా తెరవకుండా, అన్నం తినకుండా కూర్చుందట.

పచ్చ చుక్కల మీద కేక యాప్ ఎంత చక్కగా నడిచిందో. ఒక ఒళ్ళు లేని ఫోన్ పలికింది, ఎర్ర బొత్తాం నొక్కారు, కేక వినిపించింది అని అక్షరాలు పడ్డాయి, అదే క్షణంలో, ఒడ్డున ఉన్నట్టు లెక్కగట్టి బల్ల మీద పెట్టుకున్న ఒడ్డు ఫోన్ మోగింది. ఇంకోటి, ఇంకోటి. పూట గడవక ముందే పని అయిపోయింది. ఫణీంద్ర గారు కాజాలు తెప్పించి పంచారు.

వేట నిషేధం తీరబోతోంది. ఉప్పాడలో పడవలకి రంగులు వేసి, పసుపు రాసి, గంగమ్మకి మొక్కుకుంటున్నారు. నూకరత్నం ఇంటికి వెళ్ళేసరికి పోలరాజు నడవాలో నలుగురు తోటివాళ్ళని కూర్చోబెట్టుకుని గొప్పలు పోతున్నాడు. ఇన్నేళ్ళూ మనం కేకేస్తే గాలి తినేసేది, ఇప్పుడు మా చెల్లి చేసిన కేకుంది, అంటున్నాడు. చూపిస్తానుండండి అని, బియ్యం డబ్బాలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోన్ బయటికి తీశాడు.

సముద్రం మీద వాళ్ళ పద్ధతి అదే. చార్జింగ్ పెట్టుకోవడానికి అక్కడ ప్లగ్గు ఉండదు. అందుకని ఒడ్డు దాటగానే ఫోన్ ఆపేసి, కవరు చుట్టి, బియ్యంలో దాస్తారు. అవసరమైతేనే తీసి ఆన్ చేస్తారు. పని అవగానే మళ్ళీ ఆపేస్తారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నూకరత్నం చూస్తున్నదే. ఆఫీసు కుర్చీలో కూర్చున్నప్పుడు మటుకు గుర్తుకి రాలేదు. మేలుకునే ఉండే ఫోన్ల మధ్య కూర్చుంటే ఎవరికైనా నిద్రలేవడం అనేది ఒకటుంటుందని గుర్తుండదు.

పోలరాజు ఫోన్ ఆన్ చేశాడు. నా తోబుట్టువు కదా, ఊళ్ళోవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళాక లేచింది. యాప్ తెరిచి ఎర్ర బొత్తాం నొక్కాడు. కేక వినిపించింది అని పడింది. పడీ పడగానే ఫోన్ ఆపేశాడు.

"అదేంటన్నయ్యా, అప్పుడే ఆపేశావు?" అంది నూకరత్నం.

"ఇనబడిందని సెప్పేసింది గదే. ఇంకెందుకు ఎలుగుతా ఉండడం? చార్జింగు దండగ."

ఒడ్డు ఫోన్‌గా పెట్టుకున్న తన ఫోన్ నూకరత్నం చేతిలోనే ఉంది. అది మోగలేదు. ఇంకోసారి చేయించింది, మోగలేదు. ఫోన్ పూర్తిగా తేరుకుని సిగ్నల్ పట్టుకోకముందే యాప్ తొందరపడి, వినిపించింది అనేస్తోంది. ఆపకుండా కాసేపు ఉంచితే తర్వాత నిజంగానే వెళ్తుంది. కానీ వీళ్ళు ఉంచరు. వినిపించిందన్న మాట నమ్మి ఆపేసి, పడవలో కూర్చుని ఎదురుచూస్తారు. ఎవరూ రారు.

తెల్లారాక ఆ పిల్ల ఆఫీసుకి వెళ్ళింది. అన్న ఫోనే జేబులో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టి ఉంటే సరిపోయేది. పెట్టలేకపోయింది. ఎవరూ వాడరని తన నోటితోనే అంది కదా. క్లౌడ్లో అదే ఫోన్ ఉంది, దాని మీద చూపిస్తే చాలు, అన్నయ్య మాట ఎత్తక్కర్లేదు అనుకుంది. నా చాటున దాక్కుందామనుకుందన్నమాట. జాబితా తెరిచింది. తాబేలు లేదు.

ఎలా ఉంటాను? అప్పటికే మా ఓనరు నెమ్మదిగా లేచేవాటిని పీకేయమన్నాడు. పైగా రాత్రింబవళ్ళు తీగకి వేలాడి చార్జింగ్ తాగీ తాగీ నా బ్యాటరీ ఉబ్బింది. వెనక మూత పైకి లేచింది. అరలో మిగతావాళ్ళు, దీనికి నెల తప్పింది అని ఒకటే ఎకసెక్కాలు. స్వరూప నన్ను తీసి ఇదిగో ఈ బుట్టలోనే వేసింది.

నూకరత్నం మియాపూర్‌కి ఫోన్ చేసింది. స్వరూప ఎత్తింది.

"ఆ తాబేలా? ఉన్నది. నిన్ననే బుట్టల ఏశిన. పొట్ట గూడ ఉబ్బింది దానిది, ఏం జేసుకుంటవు దాన్ని?"

"అక్కా, ఒక్కసారి పెట్టవా. మళ్ళీ అడగను."

ఆ గొంతు విని స్వరూప బుట్ట దగ్గరికి వెళ్ళింది. నన్ను తీసి చీర కొంగుతో తుడిచి, ఉబ్బిన మూతకి రబ్బరు బ్యాండ్ వేసి, అరలో నిలబెట్టి తీగ గుచ్చింది. బొత్తాం నొక్కి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, స్టూలు లాక్కుని నా ముందే కూర్చుంది.

కాకినాడలో ఫణీంద్ర గారు వచ్చారు. మళ్ళీ ఈ తాబేలేంటండీ, ఎవరూ వాడరన్నారు కదా అన్నారు. ఒక్కసారి చూడండి సార్ అంది నూకరత్నం. సరే అని ఆయన పక్క కుర్చీలో కూలబడ్డారు.

ఇంక నా అవస్థ చూడండి. అటు ఇద్దరు, ఇటు ఒకావిడ, అందరి చూపులూ నా మీదే. రబ్బరు బ్యాండ్ కట్టుకున్న పొట్టతో నేను లేవడానికి ప్రయత్నిస్తున్నాను. కంపెనీ పేరు వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. గుండ్రం మొదలైంది. ఫణీంద్ర గారు టీ తెప్పించుకుని తాగారు. ఎండల గురించి మాట్లాడారు. ఫ్యాను రెక్కకి దుమ్ము పట్టిందన్నారు. వాళ్ళ అత్తగారి మోకాలి నొప్పి గురించి మొత్తం చెప్పారు, ఏ ఊళ్ళో ఏ డాక్టరు ఏ నూనె రాయమన్నాడో కూడా. ఆ నూనె కథ కూడా అయిపోయింది. గుండ్రం తిరుగుతూనే ఉంది. ఇక మాట్లాడుకోవడానికి ప్రపంచంలో ఏమీ మిగల్లేదు. గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దమంతా నా వల్లే అని తెలిసి నేను గాజు పగిలి చచ్చిపోతే బాగుండుననుకున్నాను.

"తీసేద్దాం లెండి. వేరేదాని మీద చూపించండి" అని ఫణీంద్ర గారు మౌస్ మీద చెయ్యి వేశారు.

నూకరత్నం ఆ మౌస్‌ని గట్టిగా పట్టుకుంది.

"వద్దు సార్. ఇది మా అన్నయ్య ఫోనండి" అంది.

ఆయనకి అర్థం కాలేదు. ఈ ఫోన్ హైదరాబాద్‌లో కదా ఉంది అన్నారు.

"ఇలాంటిదేనండి. నేనే కొనిచ్చాను. మా అన్నయ్య వేటకెళ్తాడు సార్. మా నాన్నా అంతే, వ్యాపారం కాదు. మొన్న ఎవరూ వాడరన్నాను గదా, మా వాడలో అందరూ ఇదే వాడతారండి."

ఒకసారి నోరు తెరిచాక ఆ పిల్ల ఆగలేదు. బియ్యం డబ్బా, ప్లాస్టిక్ కవరు, ఆన్ చేయడం, నొక్కడం, ఆపేయడం, తన చేతిలో ఫోన్ మోగకపోవడం, అన్న పడిన గొప్పలు, అన్నీ చెప్పింది. ఫణీంద్ర గారి మొహంలో తొందరంతా ఎటుపోయిందో పోయింది. కాజాలు పంచిన చేతిని ఆయన ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూసుకున్నారు. ఇటు మియాపూర్‌లో స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా ఆ సమయంలో, ముగ్గురూ అలా ఉన్నప్పుడు, నేను లేచాను. ఊరికే లేచానా? మా ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన నిద్రలేచే పాట ఉంది, టింగు టింగు మని బొమ్మల పెళ్ళి బాజాలాగా ఉంటుంది, అది పెద్దగా మోగింది. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

యాప్ తెరిచారు. అక్కడి నుంచి నూకరత్నం ఎర్ర బొత్తాం నొక్కింది. కేక వినిపించింది అని పడింది.

"అక్కా, ఆపెయ్" అంది.

స్వరూప నా పక్క బొత్తాం పట్టి ఆపేసింది. కాకినాడలో బల్ల మీద ఒడ్డు ఫోన్ పడుకునే ఉంది, కదల్లేదు. ఫణీంద్ర గారు దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ పెట్టారు. ఇంకోసారి చేయమన్నారు. అంటే ఇంకోసారి నన్ను లేపాలి. ఈసారి ఆయన టీ అడగలేదు. మీ అన్నయ్య ఎంత దూరం వెళ్తాడు, గాలి లేస్తే ఏం చేస్తారు, ఇంజను ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది, అని అడుగుతూ కూర్చున్నారు. నూకరత్నం చెబుతూ కూర్చుంది. ఆ పిల్ల ఆ ఆఫీసులో చేరాక అన్నిమాటలు మాట్లాడటం అదే మొదలట.

నన్ను పొగిడారేమో అనుకునేరు. లేదు. ఎవరూ నా ఊసెత్తలేదు. ఎందుకెత్తాలి? నేను చేసిందల్లా ఆలస్యం. ఆ ఆలస్యంలో వాళ్ళకి ఇంకేమీ తోచక నిజం మాట్లాడుకున్నారు. దానికి నేను తల ఎత్తుకోవాలా? ఇప్పటికీ ఎత్తుకోలేను.

యాప్ మార్చారు. కేక నిజంగా ఒడ్డుకి చేరేదాకా, ఇంకా వినిపించలేదు, ఫోన్ ఆపకండి అని పెద్ద అక్షరాలతో చూపించేలా చేశారు. చేరాకే వినిపించింది అనాలి. ఆ మార్పు సరిగ్గా ఉందో లేదో చూడటానికి నన్ను ఆపడం, లేపడం, ఆపడం, లేపడం. స్వరూప కుక్కర్లో అన్నం ఎన్ని రకాలుగా మాడాలో అన్ని రకాలుగా మాడింది. పని అయ్యేసరికి నా పొట్ట రబ్బరు బ్యాండ్ తెంపుకుని తెర కూడా పైకి లేచింది. ఇక ఇది పేలుతదని ఓనరు భయపడ్డాడు. స్వరూప నా బ్యాటరీ మెల్లగా తీసేసి, వీపు నిమిరి, ఈ బుట్టలో పెట్టింది. ఫణీంద్ర గారు పట్టుబట్టారని, నా అరలో జగదీశ్ మార్కెట్ నుంచి తెచ్చిన నా తోబుట్టువుని ఒకదాన్ని నిలబెట్టారు. దాని పేరు పక్కన కూడా తాబేలే.

బ్యాటరీ లేనిదానివి, ఆ తర్వాత సంగతులు నీకెలా తెలుసంటావా రిమోటూ? నీ సెల్లు ఊడి ఎన్నాళ్ళయింది, నువ్వు కబుర్లు మానేశావా? ఈ బుట్ట స్వరూప బల్ల కిందే కదా ఉంది. ఆ పిల్లా స్వరూపా అప్పటికే అక్కాచెల్లెళ్ళయిపోయారు. ఒక సాయంత్రం నూకరత్నం ఉప్పాడ ఒడ్డు మీద నుంచి ఫోన్ చేసింది. స్వరూప బియ్యం కడుగుతూ స్పీకర్‌లో పెట్టింది. అవతల అలల చప్పుడు, ఆడవాళ్ళ గోల.

పోలరాజు పడవ ఇంజను పంకాకి వల చుట్టుకుపోయిందట. ఇంజను ఆగిపోయింది. గాలి పడవని ఒడ్డుకి దూరంగా తోసేస్తోంది. పోలరాజు బియ్యం డబ్బాలోంచి ఫోన్ తీశాడు, ఆన్ చేశాడు, అది లేచింది, ఎర్ర బొత్తాం నొక్కాడు. అలవాటు కొద్దీ ఆపబోయాడు. ఇంకా వినిపించలేదు, ఫోన్ ఆపకండి అని ఉంది. మా చెల్లి ఆపొద్దంటోందిరా అని తోటివాళ్ళతో చెప్పి, ఫోన్‌ని రెండు చేతుల మధ్య పిచ్చుక పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడట. ఒడ్డున నూకరత్నం చేతిలో ఫోన్ మోగింది. దగ్గర్లో వేటాడుతున్న పడవకీ మోగింది. వాళ్ళు వెళ్ళి తాడేసి లాక్కొచ్చారు. ఇదిగో ఇప్పుడే ఇసకలోకి ఎక్కించారక్కా అని చెప్పింది ఆ పిల్ల. స్వరూప బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

వెనకాల పోలరాజు గొంతు వినిపిస్తోంది. చుట్టూ మూగినవాళ్ళకి చెబుతున్నాడు. ఫోన్ లేవడానికి ఎంతసేపు పట్టిందో, అది లేచేలోగా ఎన్నిసార్లు గంగమ్మకి మొక్కుకున్నాడో, ఆ తర్వాత సిగ్నల్ కోసం ఇంకెంతసేపు కూర్చున్నాడో, చేతులు ఊపి మరీ చెబుతున్నట్టున్నాడు. ఈ బుట్ట అడుగున నేను నా తోబుట్టువు తరఫున కూడా కలిపి సిగ్గుపడుతున్నాను. అప్పుడు రొయ్యల గంప దించుకోవడానికి వచ్చి నిలబడిన ముసలమ్మ ఎవరో, కథంతా విని, పోలరాజుని గట్టిగా చివాట్లు పెట్టింది.

"అంతసేపు ఆ ఫోను మొకం సూత్తా కూకున్నావేట్రా ఎర్రిమొకవా? ఈలోగా నువ్వే ఈదుకుంటా వొచ్చి, మాకు సెప్పేసి, మళ్ళీ ఈదుకుంటా ఎల్లి పడవలో కూకునుండొచ్చు గదరా."